కంప్యూటర్‌లో మూడు జావాలు, చేతిలో అరగంట: టెండర్ గడువు ముందు డిజిటల్ సంతకం ఎందుకు మొరాయిస్తుంది?

సాయంత్రం 5 గంటలకు టెండర్ గడువు. ధరల పట్టిక నింపారు. ఈఎండీ కట్టారు. పత్రాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నారు. ల్యాప్‌టాప్‌కు డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి 'సైన్' బటన్ నొక్కారు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కితే 'జావా కనిపించడం లేదు' అని వచ్చింది. అదేంటి, జావా ఉంది కదా అని వెతికితే ఒకటి కాదు, మూడు వెర్షన్లు కనిపించాయి. అప్పటికి టైమ్ 4.35.

ఇది ఒక ఊహాచిత్రమే. కానీ మున్సిపాలిటీ పనులకు టెండర్లు వేసే చిన్న కాంట్రాక్టర్లను, చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లను, చిన్న కంపెనీల డైరెక్టర్లను అడిగి చూడండి. ఇలాంటి సాయంత్రం ఒక్కటైనా గుర్తుకు తెచ్చుకుంటారు.

కరెంటు బిల్లు నుంచి ఆదాయపన్ను రిటర్న్ వరకూ ఫోన్‌లోనే అయిపోతున్న రోజుల్లో, కొన్ని ప్రభుత్వ సేవలు మాత్రం ఇంకా విండోస్ కంప్యూటర్, యూఎస్‌బీ టోకెన్, పాత జావా దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? వెర్షన్లు ఎందుకు గొడవ పడతాయి? ఎక్కడి నుంచి సరిచేసుకుంటూ రావాలి? అసలు ఈ ఇబ్బంది ఎవరు మోయాల్సింది?

జావాతో ప్రభుత్వ పోర్టల్‌కు పనేంటి?

ముందుగా ఒక మాట. జావా వేరు, జావాస్క్రిప్ట్ వేరు. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదానికొకటి సంబంధం లేదు. జావాస్క్రిప్ట్ ప్రతి బ్రౌజర్‌లోనూ ఉంటుంది. జావాను మాత్రం విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

దాని అవసరం డిజిటల్ సంతకం దగ్గర వస్తుంది. డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్‌నే డీఎస్సీ అంటారు. టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం ఈ సంతకానికి కాగితం మీద చేసిన సంతకంతో సమానమైన గుర్తింపు ఉంది. ఈ-టెండర్లకు, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర వేసే పత్రాలకు, కంపెనీల ఆదాయపన్ను రిటర్న్‌లకు ఇదే సంతకం వాడతారు. 2021 జనవరి 1 నుంచి కొత్తగా క్లాస్ 2 సర్టిఫికెట్లు ఇవ్వడం ఆపేశారు కాబట్టి ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నవి క్లాస్ 3వే.

సంతకం చేసే రహస్య తాళం ఆ యూఎస్‌బీ టోకెన్ లోపలే ఉంటుంది. బయటికి రాదు. అది భద్రత కోసం చేసిన ఏర్పాటు. అయితే బ్రౌజర్ కూడా భద్రత కోసమే, ఏ వెబ్‌సైట్‌నూ నేరుగా మీ యూఎస్‌బీ టోకెన్‌లోని తాళాన్ని వాడుకోనివ్వదు. అంటే పోర్టల్ ఒక ఒడ్డున, టోకెన్ మరో ఒడ్డున ఉన్నట్టు. మధ్యలో వంతెన కావాలి. చాలా ఏళ్లపాటు ఆ వంతెన పేరు జావా ఆప్లెట్. బ్రౌజర్ లోపల నడుస్తూ, వాడకందారు అనుమతితో టోకెన్ దాకా వెళ్లి సంతకం చేయించుకుని వచ్చే చిన్న ప్రోగ్రామ్ అది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. ఆ కాలానికి బ్రౌజర్‌లో జావా నడపడం ఎవరికీ వింతగా అనిపించలేదు. అప్పటికి అందుబాటులో ఉన్న సరైన దారి అదే. చిక్కు తర్వాత వచ్చింది.

బ్రౌజర్లు తలుపులు మూసేశాయి

బ్రౌజర్‌లోని జావా ద్వారా కంప్యూటర్‌లోకి చొరబడటం హ్యాకర్లకు అలవాటుగా మారింది. 2013 జనవరిలో ఒక పెద్ద లోపం బయటపడినప్పుడు, బ్రౌజర్‌లో జావాను ఆపేయమని అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖే జనానికి సలహా ఇచ్చింది. ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి.

2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42వ వెర్షన్ ఈ తరహా ప్లగిన్లను ముందే ఆపి ఉంచింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 45వ వెర్షన్ వాటిని పూర్తిగా తీసేసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 అదే పని చేసింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో జావా ప్లగిన్ మొదటి నుంచీ లేదు. జావా యజమాని ఒరాకిల్ కూడా 2016 జనవరిలో ప్లగిన్‌కు ముగింపు ప్రకటించి, 2018 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 11 నుంచి దాన్ని తొలగించింది. వెబ్‌సైట్ నుంచి జావా ప్రోగ్రామ్‌ను దించి నడిపే 'జావా వెబ్ స్టార్ట్' కూడా అప్పుడే పోయింది. చివరగా మిగిలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న వీడ్కోలు చెప్పింది.

అంటే ఇవాళ మామూలు క్రోమ్‌లో జావా ఆప్లెట్ నడవదు. ఎన్నిసార్లు జావా మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా నడవదు. ఇది తెలియక గంటలకు గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడున్న వంతెన ఏది?

చాలా పోర్టళ్లు దారి మార్చుకున్నాయి. బ్రౌజర్ లోపల కాకుండా, మీ కంప్యూటర్‌లోనే వెనకాల నడిచే చిన్న సంతకం సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాయి. జీఎస్టీ పోర్టల్‌కు 'ఎమ్‌సైనర్', ఆదాయపన్ను పోర్టల్‌కు 'ఎమ్‌బ్రిడ్జ్', టీడీఎస్ వ్యవహారాల 'ట్రేసెస్'కు మరొకటి. పేజీ ఈ సాఫ్ట్‌వేర్‌ను పిలుస్తుంది, సాఫ్ట్‌వేర్ టోకెన్‌ను పిలుస్తుంది.

ఇది పాత పద్ధతి కంటే నయం. అయినా ఇల్లు అలకగానే పండగ కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని లోపల జావా మీదే ఆధారపడతాయి. కొన్ని పోర్టళ్లు పాత జావా 8నే అడుగుతాయి. ఇంకా ఆప్లెట్ వదలని చోట ఎడ్జ్ బ్రౌజర్‌లోని 'ఐఈ మోడ్' తెరవాల్సి వస్తుంది. నాలుగు రకాల పోర్టళ్లతో పని ఉన్న మనిషి కంప్యూటర్‌లో నాలుగు రకాల వంతెనలు పేరుకుపోతాయి. గొడవ మొదలయ్యేది ఇక్కడే.

వెర్షన్లు ఎందుకు గొడవ పడతాయి?

ప్రధానంగా ఐదు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, పేరులోనే గందరగోళం. పోర్టల్ '1.8 కావాలి' అంటుంది. మీ కంప్యూటర్ 'జావా 8' అని చూపిస్తుంది. రెండూ ఒకటే. ఇది తెలియక 1.8 కన్నా 8 పెద్దది కదా అని ఉన్నదాన్ని తీసేసి ఇంకేదో వేసుకునేవాళ్లు ఉన్నారు.

రెండు, 32 బిట్, 64 బిట్ తేడా. 32 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ జావానే కనిపిస్తుంది. ఐఈ మోడ్‌లో పేజీలు చాలా సందర్భాల్లో 32 బిట్‌గానే నడుస్తాయి. కంప్యూటర్ 64 బిట్ కదా అని మీరు 64 బిట్ జావా మాత్రమే వేసుకుంటే, జావా ఉన్నా పేజీకి లేనట్టే.

మూడు, ఏ జావాను పిలవాలన్న సందేహం. విండోస్‌లో 'పాత్' అనే జాబితా ఉంటుంది. జావా అని పిలిస్తే ఆ జాబితాలో ముందున్నది పలుకుతుంది. ఇంట్లో బీటెక్ చదివే అమ్మాయి కాలేజీ ప్రోగ్రామింగ్ కోసం జావా 17 వేసుకుందనుకోండి. ఆమె పని బాగానే నడుస్తుంది. కానీ పాత జావా కోసం రాసిన సంతకం సాఫ్ట్‌వేర్ ఆ కొత్తదాన్ని పట్టుకుని తడబడవచ్చు. తప్పు ఆమెదీ కాదు, నాన్నదీ కాదు.

నాలుగు, అప్‌డేట్లు. జావా 8లోని ప్రతి విడుదలకూ లోపలే ఒక గడువు తేదీ ఉంటుంది. అది దాటితే ఆప్లెట్లను అడ్డుకోవడమో, హెచ్చరించడమో చేస్తుంది. కొత్త అప్‌డేట్‌తో నియమాలు కూడా బిగుసుకుంటాయి. ఉదాహరణకు 2017 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ 131, బలహీనమైన ఎండీ5 పద్ధతిలో సంతకం చేసిన ప్రోగ్రామ్‌లను నమ్మడం మానేసింది. నిన్న పనిచేసిన పోర్టల్ ఇవాళ ఆగిపోవడం వెనక ఇలాంటివి ఉంటాయి.

ఐదు, టోకెన్ డ్రైవర్లు. రెండు కంపెనీల టోకెన్లు వాడితే రెండు డ్రైవర్లు ఉంటాయి. వాటికీ 32, 64 బిట్ తేడాలు ఉంటాయి. సర్టిఫికెట్ల జాబితా ఖాళీగా కనిపిస్తే చాలాసార్లు తప్పు జావాది కాదు, డ్రైవర్‌ది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కనిపించిందల్లా తీసేసి మళ్లీ వేయడం కాదు, ముందు తెర మీద వచ్చిన సందేశం చదవండి. 'జావా లేదు' లేదా 'ప్లగిన్ లేదు' అంటే బ్రౌజర్ సంగతి చూడాలి. 'భద్రతా కారణాలతో అడ్డుకున్నాం' అంటే జావా సెట్టింగ్. 'సైనర్ నడవడం లేదు', 'కనెక్షన్ కుదరలేదు' అంటే వెనకాల నడవాల్సిన సాఫ్ట్‌వేర్. 'సర్టిఫికెట్ దొరకలేదు' అంటే టోకెన్. రోగం ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత పోర్టల్ ఏం అడుగుతోందో చూడండి. 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్' పేజీలో బ్రౌజర్, జావా వెర్షన్, బిట్ సంఖ్య రాసి ఉంటాయి. యూట్యూబ్ వీడియో కన్నా, పక్కాయన సలహా కన్నా ఆ పేజీనే ప్రమాణం.

ఇప్పుడు మీ దగ్గర ఏముందో లెక్క తీయండి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్‌ల జాబితా తెరిస్తే జావా పేరుతో ఉన్నవన్నీ కనిపిస్తాయి. అక్కడే ఉండే 'జావా కంట్రోల్ ప్యానెల్'లో జావా అనే ట్యాబ్ కింద 'వ్యూ' నొక్కితే ఏ వెర్షన్ ఏ ఫోల్డర్‌లో ఉందో, అమల్లో ఉన్నది ఏదో తెలుస్తుంది. ఈ ప్యానెల్ కనిపించడం లేదంటే మీ దగ్గర ఉన్నది జావా 11 లేదా ఆపైది మాత్రమే అయ్యుండొచ్చు.

అవసరం లేనివి తీసేయండి. ఒరాకిల్ ఇచ్చే అన్‌ఇన్‌స్టాల్ టూల్ పాత వెర్షన్లను ఏరి చూపిస్తుంది. తీసేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, పోర్టల్ అడిగిన ఒక్కటే వేయండి. ఇంట్లో ఇంకొకరికి కొత్త జావా కావాలంటే దాన్ని పీకేయకండి. వీలుంటే ఒక పాత ల్యాప్‌టాప్‌ను డిజిటల్ సంతకం పనికే కేటాయించండి. చాలా సీఏ ఆఫీసులు చేసేది ఇదే.

జావా మార్చాక పాత జ్ఞాపకాలు చెరపాలి. జావా కంట్రోల్ ప్యానెల్‌లో జనరల్ ట్యాబ్ కింద తాత్కాలిక ఫైళ్లను డిలీట్ చేసే వీలు ఉంది. బ్రౌజర్ కాషే కూడా క్లియర్ చేయండి.

సంతకం సాఫ్ట్‌వేర్ వాడే పోర్టల్ అయితే అది నిజంగా నడుస్తోందా అని టాస్క్‌బార్‌లో గడియారం పక్కన చూడండి. దాన్ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరవాల్సి రావచ్చు. ఇది మీ కంప్యూటర్‌లోనే ఒక స్థానిక చిరునామాలో వింటూ ఉంటుంది. జీఎస్టీ ఎమ్‌సైనర్ అయితే 1585 నంబర్ పోర్టు వాడుతుంది. ఆ స్థానిక చిరునామాను బ్రౌజర్ ఒకసారి అంగీకరించకపోతే, యాంటీవైరస్ అడ్డుపడితే, 'కనెక్షన్ కుదరలేదు' అనే సందేశం వస్తూనే ఉంటుంది. ఈ సందర్భంలో జావా ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

చివరగా టోకెన్. దాని సొంత సాఫ్ట్‌వేర్ తెరిచి సర్టిఫికెట్ కనిపిస్తోందో లేదో, గడువు తీరిందో లేదో చూడండి. పిన్ పదే పదే తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. కంగారులో చాలామంది చేసే తప్పు ఇది.

అడ్డదారులు ఎందుకు వద్దు?

గడువు ముంచుకొస్తుంటే ఎవరో ఒకరు చిట్కా చెబుతారు. 'జావా సెక్యూరిటీ తగ్గించెయ్', 'పాత వెర్షన్ ఫలానా సైట్‌లో దొరుకుతుంది', 'ఎనీడెస్క్ ఇవ్వు, నేను చూసుకుంటా', 'టోకెన్, పిన్ నా దగ్గరే ఉంచు'.

మొదటిదానికి పద్ధతైన మార్గం ఉంది. జావా 8 కంట్రోల్ ప్యానెల్‌లో 'ఎక్సెప్షన్ సైట్ లిస్ట్' ఉంటుంది. అందులో ఆ ఒక్క ప్రభుత్వ పోర్టల్ చిరునామా మాత్రమే చేర్చండి. పని అయ్యాక తీసేయండి. పాత జావాను ఎక్కడపడితే అక్కడ దించుకోవద్దు. పాత జావా ఉన్న కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది.

టోకెన్ సంగతి ఇంకా తీవ్రం. రహస్య తాళాన్ని తన అధీనంలో జాగ్రత్తగా ఉంచుకోవడం సర్టిఫికెట్ పొందినవారి బాధ్యత అని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అది పరుల చేతిలో పడిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. కానీ ఆ లోపు మీ పేరు మీద పడిన సంతకానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

భారం ఎవరి మీద?

కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వచ్చే టెండర్ పత్రాల్లో ఒక మామూలు షరతు కనిపిస్తుంది. గడువుకు సర్వర్ గడియారమే ప్రమాణం. బిడ్డర్ ముందుగానే లాగిన్ కావాలి, ఇతర కారణాలతో జరిగే ఆలస్యానికి బాధ్యత బిడ్డర్‌దే. పోర్టల్ సర్వరే పడిపోతే అధికారులు సవరణ ప్రకటన ఇచ్చి గడువు పొడిగించవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో రెండు జావాలు గొడవపడితే మాత్రం అది 'మీ వైపు సమస్య'.

పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఎవరి కంప్యూటర్‌కు వాళ్లే బాధ్యులు. అయితే ఫలానా జావా వేసుకోమన్నది ఎవరు? పోర్టల్. ఆ జావాను బ్రౌజర్లు ఎప్పుడో పక్కన పెట్టాయని ముందే తెలిసేది ఎవరికి? పోర్టల్ నడిపేవారికి. క్రోమ్ ఒక్క రోజులో తలుపు మూయలేదు, ముందే చెప్పి దశలవారీగా మూసింది. బ్రౌజర్లు మారిన వేగానికి, పోర్టళ్లు మారిన వేగానికి మధ్య తేడాను ఈలోగా వాడకందారు తన సమయంతో, కొన్నిసార్లు పోగొట్టుకున్న కాంట్రాక్టుతో భరిస్తున్నాడు.

డబ్బు కోణం కూడా ఉంది. 2019 ఏప్రిల్‌లో ఒరాకిల్ లైసెన్స్ మార్చింది. జావా 8 కొత్త అప్‌డేట్లు వ్యక్తిగత వాడకానికి ఉచితం, వ్యాపార వాడకానికి సబ్‌స్క్రిప్షన్ కావాలి. ఉచితంగా దొరికే ఓపెన్ జేడీకేలో బ్రౌజర్ ప్లగిన్ లేదు. టెండర్ వేయడం వ్యాపారమే కదా. పోర్టల్ 'జావా 8 వేసుకోండి' అన్న ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉంది.

పెద్ద కంపెనీకి ఐటీ విభాగం ఉంటుంది. రోడ్డు ప్యాచ్ పని, స్కూలు ప్రహరీ పని చేసే చిన్న కాంట్రాక్టర్‌కు ఇంటర్నెట్ సెంటరే ఐటీ విభాగం. ఈ-టెండర్ వచ్చింది పోటీ పెరగడానికి, ఆఫీసు గుమ్మం దగ్గర బెదిరింపులు తగ్గడానికి. సాంకేతిక చిక్కుల వల్ల చిన్నవాళ్లు తప్పుకుంటే ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. దక్షిణ కొరియాలో 1999 నాటి చట్టంతో వచ్చిన ధ్రువీకృత సర్టిఫికెట్లు బ్యాంకింగ్‌ను, ప్రభుత్వ సేవలను ఏళ్లతరబడి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు, యాక్టివ్‌ఎక్స్‌కు కట్టిపడేశాయి. జనం విసిగిపోయాక అక్కడి ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. 2020 డిసెంబర్ 10 నుంచి ఆ సర్టిఫికెట్లకున్న ప్రత్యేక హోదా రద్దయింది. మన దగ్గర కూడా 2015 నుంచి ఆధార్ ఆధారిత ఈ-సైన్ ఉంది. ఫోన్‌కు వచ్చే ఓటీపీతో సంతకం పూర్తవుతుంది. అన్ని పనులకూ అది సరిపోకపోవచ్చు. కానీ ప్రత్యామ్నాయం సాధ్యమేనని అది చూపిస్తోంది.

అందాకా పోర్టళ్లు చేయగలిగిన చిన్న పనులు ఉన్నాయి. ఏ బ్రౌజర్, ఏ జావా, ఏ టోకెన్‌తో పరీక్షించారో తేదీతో సహా ప్రకటించడం. టెండర్‌తో సంబంధం లేకుండా ఎప్పుడైనా సంతకం పరీక్షించుకునే పేజీ పెట్టడం. సంతకం విఫలమైన ప్రతిసారీ ఒక నంబర్ ఇచ్చి నమోదు చేయడం. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు.

మీరు ఇవాళే చేయదగినవి

గడువు రోజు కాదు, టెండర్ వచ్చిన రోజే టోకెన్‌తో లాగిన్ అయి చూడండి. చాలా ఈ-టెండర్ పోర్టళ్లలో గడువు లోపు బిడ్‌ను మార్చి మళ్లీ పంపే వీలుంది. కాబట్టి రెండు రోజుల ముందే ఒక బిడ్ వేసి ఉంచి, చివర్లో ధర మార్చుకోవచ్చు. ఆ టెండర్ షరతుల్లో ఈ వీలు ఉందో లేదో మాత్రం ముందే చదువుకోండి.

అంతా పనిచేస్తున్న రోజున మీ బ్రౌజర్, జావా, సంతకం సాఫ్ట్‌వేర్ వెర్షన్లను ఒక కాగితం మీద రాసి టోకెన్ డబ్బాలో పెట్టుకోండి. ఎప్పుడైనా ఆగిపోతే ఏం మారిందో ఆ కాగితమే చెబుతుంది.

గడువు రోజున సమస్య వస్తే సర్వర్ గడియారం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు చేసి టికెట్ నంబర్ తీసుకోండి. గడువు ముగియకముందే టెండర్ పిలిచిన అధికారికి ఈమెయిల్ పంపండి. తర్వాత పంపే ఉత్తరం కన్నా 4.40కి పంపిన రెండు వాక్యాల మెయిల్‌కే బలం ఎక్కువ. తప్పు పోర్టల్‌దేనని అనిపిస్తే ఆ సమయంలో సర్వర్ ఎలా నడిచిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

ఇవన్నీ చేసినా పోయిన టెండర్ తిరిగి వస్తుందన్న హామీ లేదు. కానీ అది 'మీ కంప్యూటర్ సమస్య' అన్న ఒక్క మాటతో ఫైలు మూసేసే అవకాశం మాత్రం ఉండదు.